క్యారవాన్ నివాసం, క్యారవాన్ సర్వీసు: నార్సింగి పరిసరాలు

పడక, వంట, నీరు, మరుగుదొడ్డి అమర్చిన మోటారు వాహనాన్నే ఏడాది పొడవునా ఇల్లుగా చేసుకుని బతకడాన్ని పూర్తికాలిక క్యారవాన్ నివాసం అంటారు. సెలవులకు బండి అద్దెకు తీసుకుని నాలుగు ఊళ్లు చూసి రావడం విహారం కిందికి వస్తుంది. వెనక్కి వెళ్లడానికి మరో ఇల్లు ఉందా లేదా అన్నదే ఈ రెంటికీ తేడా. పూర్తికాలిక నివాసికి బండి షెడ్డుకు పోయిందంటే ఇల్లు ఖాళీ చేసినట్టే. పడక, బీరువా, వంటగది, ఉద్యోగం చేసుకునే బల్ల అన్నీ ఒకేసారి మెకానిక్ చేతికి వెళ్తాయి. అందుకే ఈ జీవన విధానాన్ని సర్వీసు వ్యవస్థ నుంచి వేరు చేసి వివరించడం సాధ్యం కాదు.

తెలుగు ప్రాంతాల్లో సొంత క్యారవాన్‌లో స్థిరంగా ఉండేవారు చాలా అరుదు. బండినే ఇల్లు చేసుకున్న లారీ డ్రైవర్లు, క్లీనర్లు, బోరు బండ్ల సిబ్బంది మాత్రం దశాబ్దాలుగా ఉన్నారు. ఈ వ్యాసం రెంటినీ పరిశీలిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, ఐటీ సంస్థలకు చేరువలో ఉన్న హైదరాబాద్ పడమటి శివారు నార్సింగిని ఆధార స్థలంగా తీసుకుంటుంది.

నిర్వచనం, పరిధి

మోటారు క్యారవాన్‌ల ఆమోదానికి భారతదేశంలో ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం బండిలో కనీసం నాలుగు ఏర్పాట్లుండాలి: సీట్లూ బల్లా కలిసిన కూర్చునే చోటు, పడక (సీట్లనే పడకగా మార్చినా సరే), వంట సదుపాయం, సామాను దాచుకునే అరలు. బల్లను తీసి పెట్టుకునేలా చేసుకోవచ్చు. మిగతావి బండికి గట్టిగా బిగించి ఉండాలి. వ్యాన్‌లో పరుపు పరిచి, గ్యాస్ స్టవ్ పెట్టుకున్నంత మాత్రాన అది ఈ ప్రమాణం కింద క్యారవాన్ కాదు.

వాడుకలో మాత్రం పేర్లు కలగాపులగంగా ఉన్నాయి. తెలుగు సినిమా రంగంలో నటీనటుల విశ్రాంతి, మేకప్ గదిగా వాడే వ్యానిటీ వ్యాన్‌నే క్యారవాన్ అంటారు. అందులో పగటిపూట గడపడమే తప్ప ఎవరూ కాపురం ఉండరు. దాని అంతర్భాగాలు, విద్యుత్ ఏర్పాట్లు, మరమ్మతు పద్ధతులు మాత్రం నివాస క్యారవాన్‌కు బాగా దగ్గర. హైదరాబాద్‌లో ఇలాంటి బండిలోపలి చెక్కపని, ఏసీ, నీటి పంపు తెలిసిన పనివాళ్లు దొరకడానికి ప్రధాన కారణం సినిమా పరిశ్రమే.

చరిత్ర

బిడారులు, సరాయిలు. గోల్కొండ రాజ్యకాలంలో మచిలీపట్నం రేవుకూ గోల్కొండకూ మధ్య వర్తకం బళ్ల మీదా, ఎడ్ల మీదా సాగేది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే 17వ శతాబ్దంలో ఈ దారిన ప్రయాణించాడు. బిడారులు ఆగడానికి కుతుబ్‌షాహీలు సరాయిలు కట్టించారు. నేటి ఐటీ కారిడార్‌కు చేరువలోనే ఉన్న షేక్‌పేట సరాయిలో బాటసారులకు గదులు, పశువులకు శాలలు, ప్రార్థనకు మసీదు ఉండేవి. గోల్కొండ నుంచి గండిపేట వైపు వెళ్లే దారిలో, ఇబ్రహీంబాగ్‌లో ఉన్న తారామతి బారాదరినీ చరిత్రకారులు సరాయిగానే లెక్కిస్తారు. మనిషికి నిద్ర, పశువుకు మేత, బండికి మరమ్మతు ఒకేచోట దొరికేలా చేయడం వీటి ఉద్దేశం. క్యారవాన్లు నిలిపి ఉండటానికి ఏర్పాటు చేసే నేటి క్యారవాన్ పార్కు చేయవలసిన పని కూడా అదే.

లంబాడీలు ఎడ్ల బిడారులతో ధాన్యం, ఉప్పు రవాణా చేస్తూ తరతరాలు దారిలోనే బతికారు. దక్కను మీదికి వచ్చిన మొఘల్ సైన్యాలకూ వారే సరుకు చేరవేశారు. 19వ శతాబ్దంలో రైళ్లు రావడంతో ఈ రవాణా దెబ్బతిని, తండాలు క్రమంగా ఒకచోట స్థిరపడ్డాయి. (చూ. తండా.)

పాశ్చాత్య దేశాల్లో. విహారం కోసమే కట్టించిన తొలి క్యారవాన్‌గా బ్రిటన్‌కు చెందిన గోర్డన్ స్టేబుల్స్ 1885లో చేయించిన 'వాండరర్'ను పేర్కొంటారు. అది గుర్రాలు లాగే బండి. 1907లో అక్కడ క్యారవాన్ క్లబ్ ఏర్పడింది. జర్మనీలో 1951 నుంచి వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లను నివాసయోగ్యంగా మార్చడం మొదలుపెట్టాక మధ్యతరగతికి కూడా ఈ బండ్లు అందుబాటులోకి వచ్చాయి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ఈ పరిశ్రమకు కేంద్రం. పూర్తికాలిక నివాసుల సంఘమైన ఎస్కేపీస్ 1978లో ఏర్పడింది. టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఉన్న ఈ సంఘం సభ్యులకు ఉత్తరాల చిరునామా సౌకర్యం కల్పిస్తుంది. ఇల్లు లేనివారికి చిరునామా ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

చైతన్య రథం. తెలుగువారికి బాగా తెలిసిన వాహన నివాసం నందమూరి తారక రామారావుది. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఆయన పాత షెవర్లే వ్యాన్‌ను 'చైతన్య రథం' అనే ప్రచార వాహనంగా మార్పించుకున్నారు. కుమారుడు హరికృష్ణ నడపగా రాష్ట్రమంతా తిరిగారు. వ్యాన్ పైకెక్కి ప్రసంగించడం, రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం, బండిలోనే కునుకు ఆ నెలల్లో ఆయన దినచర్య. తొమ్మిది నెలల్లో సుమారు 75,000 కిలోమీటర్లు తిరిగారన్నది ప్రచారంలో ఉన్న లెక్క. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఈ యాత్రకున్న రాజకీయ ప్రాధాన్యం గురించి విస్తారంగా రాశారు. అప్పటికే పాతబడ్డ బండి, నేటి ప్రమాణాల్లో నాసిరకమైన రోడ్లు, వరుసగా నెలల తరబడి ప్రయాణం అన్న యాంత్రిక కోణాన్ని మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ కోణం నుంచీ ఇది చెప్పుకోదగ్గ విషయమే.

ఆ తరువాత ప్రచార రథాలు తెలుగు రాజకీయాల్లో మామూలయ్యాయి. 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ ప్రచార వాహనం 'వారాహి' రంగు మీద వివాదం రేగినప్పుడు మోటారు వాహన నిబంధనల్లోని 121వ నిబంధన వార్తల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే పరిమితం. వారాహి రిజిస్ట్రేషన్‌ను తెలంగాణ రవాణా శాఖ ఆమోదించింది. సొంత క్యారవాన్‌కు రంగు వేయించుకునేవారు కూడా ఈ నిబంధన గుర్తుంచుకోవాలి.

సినిమా క్యారవాన్. అవుట్‌డోర్ షూటింగుల్లో చెట్టు చాటున, చాపల తడికల వెనుక మేకప్ వేసుకునే రోజులు పోయి, 1990ల తరువాత వ్యానిటీ వ్యాన్ తప్పనిసరి ఏర్పాటుగా మారింది. 2019లో అల్లు అర్జున్ 'ఫాల్కన్' పేరుతో తన సొంత బండి చిత్రాలను బయటపెట్టాక సామాన్య ప్రేక్షకులకూ వీటి లోపలి హంగు తెలిసింది.

వృత్తిరీత్యా వాహన నివాసులు

దూరప్రాంతాలకు వెళ్లే లారీలో డ్రైవర్ సీటు వెనుక అడ్డంగా ఉండే బల్లే పడక. క్యాబిన్ పక్కన బిగించిన పెట్టెలో కిరోసిన్ స్టవ్ గానీ చిన్న గ్యాస్ పొయ్యి గానీ, గిన్నెలు, బియ్యం, పప్పు ఉంటాయి. నీళ్ల డ్రమ్ము షాసీకి కట్టి ఉంటుంది. స్నానం పెట్రోలు బంకులోనో ధాబా దగ్గరి తొట్టి వద్దో అవుతుంది. మోటారు రవాణా కార్మికుల చట్టం (1961) రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని చెప్పినా, దూరపు లోడు మీద ఆ హద్దు నిలవడం కష్టమైంది. కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు 2025 నుంచి ఏసీ తప్పనిసరైంది. వేసవిలో క్యాబిన్‌లో నిద్రపోవలసిన మనిషికి ఇది చాలా ఆలస్యంగా వచ్చిన ఊరట.

తమిళనాడులోని తిరుచెంగోడు బోరు బండ్లకు పెట్టింది పేరు. అక్కడి రిగ్గులు తెలుగు జిల్లాలతో సహా దేశమంతా తిరుగుతాయి. రిగ్గు బిగించిన లారీ వెంట పైపులు, డీజిలు, సామాను మోసే మరో లారీ ఉంటుంది. సిబ్బంది వంట, నిద్ర దాని మీదే. సొంతూరు ముఖం చూడకుండా నెలలు గడుస్తాయి. వీరిని క్యారవాన్ నివాసులని ఎవరూ అనరు. అయినా బండిలో నీరు, వంట, నిద్ర, మరమ్మతు నాలుగూ ఎలా సర్దుకోవాలో దక్షిణ భారతంలో వీరికీ లారీ వాళ్లకూ తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

రకాలు

నిర్మాణాన్నిబట్టి వీటిని రెండు ప్రధాన తరగతులుగా విభజిస్తారు. ఇంజను, నివాస భాగం ఒకే బండిలో ఉంటే మోటారు క్యారవాన్. ఇంజను లేని నివాస పెట్టెను కారు లేదా జీపు లాగితే ట్రైలర్ క్యారవాన్. అమెరికాలో మొదటి తరగతిని మళ్లీ మూడుగా చూస్తారు: బస్సు షాసీ మీద కట్టే భారీ 'ఏ' తరగతి, వ్యాన్ శరీరాన్నే మార్చే 'బి' తరగతి, లారీ క్యాబిన్ వెనుక పెట్టె కట్టే 'సి' తరగతి.

భారతదేశంలో ఎక్కువగా కనిపించేవి ఫోర్స్ ట్రావెలర్ వంటి వ్యాన్‌ల మీద చేసిన మార్పులు. పొడవు, వెడల్పు నగర వీధులకు సరిపోవడం, విడిభాగాలు చిన్న పట్టణాల్లోనూ దొరకడం ఇందుకు కారణాలు. భారత్‌బెంజ్, టాటా, అశోక్ లేలాండ్ బస్సు షాసీల మీద కట్టినవి విశాలంగా ఉంటాయి. నార్సింగి, పుప్పాలగూడ లోపలి రోడ్లలో వాటిని తిప్పడమే ఒక పని. ట్రైలర్ రకానికి ఒక సౌలభ్యం ఉంది: లాగే బండి షెడ్డుకు వెళ్లినా ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. సర్వీసు కోణంలో ఇది పెద్ద మేలు. మన ట్రాఫిక్‌లో ట్రైలర్‌ను వెనక్కి తీయడం నేర్చుకోవడానికి మాత్రం చాలా ఓపిక కావాలి.

అంతర్భాగాలు, పనితీరు

విద్యుత్తు. నివాస భాగానికి ఇంజను బ్యాటరీతో సంబంధం లేని మరో బ్యాటరీ ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వాడుతున్నారు. 12.8 వోల్టుల 200 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సుమారు 2.5 యూనిట్ల విద్యుత్తు నిల్వ ఉంటుంది. లాప్‌టాప్ ఎనిమిది గంటలు, చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ రోజంతా, ఒక ఫ్యాను రాత్రంతా నడిస్తే రోజుకు ఒకటింపావు యూనిట్ అవుతుంది. ఎండ బాగా ఉన్న రోజున పైకప్పు మీది 400 వాట్ల సోలార్ ప్యానెళ్లు ఒకటిన్నర యూనిట్ వరకు ఇస్తాయి. ఇంతవరకు లెక్క సరిపోతుంది. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది కాబట్టి రాత్రంతా ఏసీ కావాలంటే బయటి కరెంటు ఉండాల్సిందే. 40 డిగ్రీలు దాటే హైదరాబాద్ వేసవిలో పూర్తికాలిక నివాసం ఇక్కడే చిక్కుల్లో పడుతుంది. బయటి కరెంటు తీసుకునేచోట ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పరీక్షించాలి. లీకేజీ రాగానే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ బండిలో తప్పక ఉండాలి. బండి శరీరం ఇనుముది కాబట్టి ఎర్తింగ్ లేకపోతే తలుపు పట్టుకున్నా షాక్ కొట్టవచ్చు.

నీరు. లీటరు నీరు కిలో బరువు. 150 లీటర్ల ట్యాంకు నిండితే ఇద్దరు మనుషులు అదనంగా ఎక్కినట్టే. ట్యాంకును రెండు ఇరుసుల మధ్య, కిందివైపు అమర్చాలి. వెనుక చివర పెడితే ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. స్నానం, వంటగది నీరు ఒక ట్యాంకులోకి, మరుగుదొడ్డి మలినం మరో ట్యాంకులోకి పోతాయి.

మరుగు. భారతీయ బండ్లలో పెట్టెలా బయటికి లాగి ఖాళీ చేసే క్యాసెట్ రకం ఎక్కువ. దాన్ని మురుగు కాలువకు కలిసిన మరుగుదొడ్డిలోనే పారబోయాలి. చెరువు, వాననీటి కాలువల దగ్గర ఖాళీ చేయడం నేరం. నార్సింగికి ఆనుకుని మూసీ, ఎగువన ఉస్మాన్‌సాగర్ ఉన్నందున ఇక్కడ ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. పెద్ద ట్యాంకులున్న బండ్లు సెప్టిక్ ట్యాంకుల యంత్రాలతో ఖాళీ చేయించుకుంటాయి. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

వంట. గ్యాస్ కంటే ఇండక్షన్ స్టవ్ క్షేమం. బ్యాటరీ మీద మాత్రం పెద్ద భారం. గ్యాస్ వాడేవారు సిలిండర్‌ను బయటికే తెరుచుకునే విడి అరలో, అడుగున గాలి రంధ్రాలతో ఉంచాలి. వంట గ్యాస్ గాలికంటే బరువైనది కావడంతో లీకైతే నేల మీదే పేరుకుంటుంది.

చట్టం, రిజిస్ట్రేషన్

రవాణా శాఖ 'వాహన్' వ్యవస్థలో అద్దెకు తిప్పే క్యాంపర్ వ్యాన్, సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్, మోటారు క్యారవాన్ వేర్వేరు తరగతులు. అద్దె బండికి పర్మిట్, ఫిట్‌నెస్ కావాలి. ఫిట్‌నెస్‌నే వాడుకలో ఎఫ్‌సీ అంటారు. ఎనిమిదేళ్లలోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తరువాత ఐదేళ్లకోసారి పునరుద్ధరణ.

మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిర్ధారించింది. అదే ఏడాది సవరణతో ఒక్కో అక్రమ మార్పునకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ వచ్చాయి. మామూలు ప్యాసింజర్ వ్యాన్ కొని గల్లీ షెడ్డులో క్యారవాన్‌గా మార్పించుకునేవారు ఈ సెక్షన్‌లో ఇరుక్కుంటారు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ క్లెయిమ్‌ను తిరస్కరించే వీలూ ఉంటుంది. ఆమోదం ఉన్న తయారీదారు వద్ద కొనడానికి ఖర్చు ఎక్కువైనా అదే సరైన దారి.

లైసెన్సు విషయంలో చిక్కు తక్కువ. మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండిని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చు. రవాణా వాహనమైనా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది.

ఒక రాష్ట్రంలో నమోదైన బండి మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే 47వ సెక్షన్ కింద అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. తిరిగే ఇంటికి ఇది తలనొప్పి. 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ దీనికి కొంత పరిష్కారం. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు సొంత వాడకపు బండికి దీన్ని తీసుకోవచ్చు. సైబరాబాద్‌లోని పెద్ద ఐటీ సంస్థల ఉద్యోగులు చాలామంది ఈ అర్హత పరిధిలోకి వస్తారు.

చిరునామా సమస్య మాత్రం తీరలేదు. ఆధార్, బ్యాంకు ఖాతా, బీమా, గ్యాస్ అన్నింటికీ స్థిరమైన చిరునామా కావాలి. ఓటు హక్కు విషయంలో ఎన్నికల సంఘం పద్ధతి కొంత ఉదారం. ఇల్లు లేనివారు దరఖాస్తు చేస్తే బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి వారు నిద్రించే చోటును నిర్ధారించుకుంటారు. బండి రోజుకో ఊళ్లో ఉంటే ఈ పద్ధతి కూడా పనిచేయదు. అందుకే చాలామంది తల్లిదండ్రుల ఇంటి చిరునామానే వాడుకుంటారు.

నార్సింగి: స్థానం, అనుకూలతలు

నార్సింగి రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలో ఉంది. కోకాపేట, పుప్పాలగూడ, మంచిరేవుల దీని ఇరుగుపొరుగు. 1908 మూసీ వరదల తరువాత చేపట్టి 1920లో పూర్తి చేసిన ఉస్మాన్‌సాగర్ పడమట ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మొదలైన ఐటీ విస్తరణ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాటి ఇక్కడిదాకా వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం 2008లోనే తెరుచుకుంది. నార్సింగి వద్ద ప్రత్యేక ఇంటర్‌చేంజ్ 2023లో వచ్చింది. ఇక్కడ ఔటర్ ఎక్కితే నగరంలోకి దిగకుండానే ముంబై, నాగ్‌పుర్, బెంగళూరు, విజయవాడ రహదారుల్లో దేన్నయినా అందుకోవచ్చు. క్యారవాన్ నివాసికి ఈ ప్రాంతం ఇచ్చే అసలైన మేలు ఇదే.

నిలుపుకునే చోటు విషయంలో పరిస్థితి వేరు. ఔటర్ ప్రధాన మార్గం మీద బండి ఆపడం నిషిద్ధం. సర్వీసు రోడ్ల పక్కన రాత్రిళ్లు ఆపినవారిని పోలీసులు పంపించేస్తారు. ఖాళీ స్థలాలు రోజురోజుకూ అపార్టుమెంట్లుగా మారుతున్నాయి. కేరళ 2021లో క్యారవాన్ పర్యాటక విధానం ప్రకటించి, మరుసటి ఏడాది వాగమన్‌లో పార్కు తెరిచింది. తెలంగాణలో అలాంటి పార్కుల వ్యవస్థ ఇంకా స్థిరపడలేదు. ఔటర్ దగ్గర బాటసింగారం, మంగల్‌పల్లిలో ఉన్న లాజిస్టిక్ పార్కుల్లో లారీల పార్కింగ్, డ్రైవర్ల వసతి ఉన్నాయి. ఈ నమూనానే కొంచెం విస్తరించి కరెంటు పాయింటు, మురుగు ఖాళీ చేసే చోటు కలిపితే క్యారవాన్లకూ సరిపోతుంది. కొత్త పార్కు కట్టడం కంటే ఇది సులువైన మార్గం.

సర్వీసు

ఎవరు దేన్ని చూస్తారు. ఒక క్యారవాన్‌లో రెండు బండ్లున్నాయని అనుకోవాలి. ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు, కమాన్ కట్టలు షాసీ తయారీదారు బాధ్యత. పైకప్పు, కిటికీలు, నీటి గొట్టాలు, ఇన్వర్టర్, చెక్కపని బాడీ కట్టినవారి బాధ్యత. అధీకృత సర్వీసు కేంద్రం రెండో భాగాన్ని ముట్టుకోదు. బాడీ బిల్డర్ ఇంజను జోలికి రాడు. వైరింగ్ లోపాలు మాత్రం రెంటి మధ్య పడతాయి. ఇంజను బ్యాటరీ రాత్రికి రాత్రి దిగిపోతే తప్పు నివాస భాగం వైరుదని ఒకరు, ఆల్టర్నేటర్‌దని మరొకరు అంటారు. దీనికి విరుగుడు బండి కొన్నప్పుడే పూర్తి వైరింగ్ పటం కాగితం మీద తీసుకుని బండిలో ఉంచుకోవడం.

ఎక్కడికి వెళ్లాలి. ఐటీ కారిడార్‌లోని సర్వీసు కేంద్రాలు ఎక్కువగా కార్లకు సరిపడేవి. పైకప్పు మీద ఏసీ ఉన్న క్యారవాన్ ఎత్తుకు షెడ్డు తలుపు చాలదు, బరువుకు లిఫ్టు చాలదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే పొడవు, ఎత్తు, మొత్తం బరువు చెప్పాలి. వాణిజ్య వాహనాల పని పటాన్‌చెరు వైపు, ఆటోనగర్‌లో సులువుగా జరుగుతుంది. హైదరాబాద్ ఆటోనగర్ విజయవాడ రహదారి మీద వనస్థలిపురం దగ్గర ఉంది. నార్సింగి నుంచి ఔటర్ మీదుగా పెద్ద అంబర్‌పేట వద్ద దిగి లోపలికి రావచ్చు. విడిభాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ పాత బజారు.

ఆటోనగర్ పద్ధతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1960ల్లో విజయవాడలో జవహర్ ఆటోనగర్‌తో మొదలైన ఈ నమూనాలో ఇంజను మేస్త్రీ, లేతు పని, కమాన్ కట్టల షెడ్డు, టింకరింగ్, రేడియేటర్, ఎలక్ట్రికల్ పని, బాడీ బిల్డింగ్ అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఒకచోట పని ముగియగానే బండి నాలుగడుగులు కదిలి మరో షెడ్డు ముందు ఆగుతుంది. మరీ ముఖ్యంగా, పని జరుగుతున్నంతసేపూ డ్రైవర్, క్లీనర్ బండిలోనే ఉంటారు. రాత్రి క్యాబిన్‌లోనే పడుకుంటారు. సామాను మీద కన్ను వేసి ఉంచుతారు, ఏ బోల్టు విప్పారో కళ్లారా చూస్తారు. కార్పొరేట్ సర్వీసు కేంద్రం గేటు దగ్గరే తాళాలు తీసుకుని యజమానిని పంపేస్తుంది. మామూలు కారుకు అది సౌకర్యం. క్యారవాన్ నివాసికి ఆటోనగర్ పద్ధతే అనుకూలం. (చూ. ఆటోనగర్.)

ఏం చూడాలి. వానాకాలానికి ముందు, అంటే మే నెలాఖరులోగా, పైకప్పు సీళ్లు చూడటం అన్నింటికంటే ముఖ్యం. సోలార్ ప్యానెల్, ఏసీ, గాలి కిటికీ అమర్చడానికి రంధ్రాలు చేసినచోట పూసిన సీలెంటు ఎండకు ఎండిపోయి సన్నని బీటలు పడుతుంది. గోటితో నొక్కితే రబ్బరులా లొంగాలి. పొడిగా పెచ్చు లేస్తే పని అయిపోయినట్టే. పాతది పూర్తిగా గీకి, శుభ్రం చేసి కొత్తది పూయాలి. పాతదాని మీదే పూత వేస్తే నీరు కింద నుంచి దారి వెతుక్కుంటుంది. లీకు కంటికి కనిపించేసరికి లోపల ప్లైవుడ్ ఉబ్బి ఉంటుంది. మూలల్లో వేలితో నొక్కినప్పుడు మెత్తగా తగిలితే నీరు చేరిందని అర్థం.

టైర్లు అరగకుండానే ముసలివవుతాయి. క్యారవాన్ తిరిగేది తక్కువ, బరువు మోస్తూ ఎండలో నిలబడేది ఎక్కువ. టైరు పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు తయారీ వారం, సంవత్సరం చెబుతాయి. 2324 అంటే 2024లో 23వ వారం. మిట్టలు బాగానే ఉన్నా ఆరేళ్లు దాటితే మార్చడం మేలు. లారీల్లో మామూలైన రీబటన్ టైరు నివాస బండికి, ముఖ్యంగా ముందు చక్రాలకు, వద్దు. స్టెప్నీ వయసు కూడా చూడాలి.

బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగగొట్టంలోని ఫిల్టర్ మసిని పట్టి ఉంచుతుంది. హైవే మీద కాసేపు వేగంగా నడిస్తే ఆ మసి కాలిపోతుంది. ఏసీ కోసం ఇంజనును గంటల తరబడి నిలబెట్టి నడిపితే ఫిల్టర్ మూసుకుపోయి బండి శక్తి తగ్గుతుంది. ఒకచోటే ఎక్కువ రోజులు ఉండే క్యారవాన్లకు ఈ సమస్య సహజంగా వస్తుంది. వారానికోసారి ఔటర్ మీద అరగంట నడపడం మందులాంటిది. ఇవి కాక హబ్ గ్రీజు, వీల్ అలైన్‌మెంట్, బ్రేకు లైనింగులు, వేబ్రిడ్జి మీద నిండు బరువు తూకం ఏడాదికోసారి తప్పనిసరి. సామాను మెల్లమెల్లగా పెరుగుతుంది. తూకం వేస్తే తప్ప తెలియదు.

అప్పగించే ముందు. నీటి ట్యాంకులు, మరుగు క్యాసెట్ ఖాళీ చేయాలి. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు కొద్దిగా తెరిచి ఉంచాలి. గ్యాస్ వాల్వు మూయాలి. వెల్డింగ్ పని ఉంటే సిలిండర్ పూర్తిగా తీసేయాలి, రెండు బ్యాటరీల కనెక్షన్లూ విప్పించాలి. వెల్డింగ్ కరెంటు బండి కంప్యూటర్‌ను కాల్చేసే ప్రమాదం ఉంది. పత్రాలు, నగలు, ఆఫీసు లాప్‌టాప్ వెంట తీసుకెళ్లాలి. పని జాబితా రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద సూపర్‌వైజర్ సంతకం తీసుకోవాలి. లోపలి భాగం ఫొటోలు, కిలోమీటర్ల అంకె, డీజిల్ ముల్లు కూడా నమోదు చేసుకోవాలి.

ఆ రోజుల్లో ఎక్కడ ఉండాలి. ఒక పూట పనైతే ఏదైనా కో-వర్కింగ్ స్థలం సరిపోతుంది. ఐటీ కారిడార్‌లో వాటికి కొదవ లేదు. వారం పట్టే పనికి రోజువారీ అద్దెకిచ్చే హాస్టళ్లు, సర్వీసు అపార్టుమెంట్లు నార్సింగి, మణికొండ, గచ్చిబౌలిలో దొరుకుతాయి. అసలు ఇబ్బంది విడిభాగం రావలసి ఉన్నప్పుడు. దిగుమతి చేసుకున్న పంపు, రూఫ్ ఏసీ భాగాలకు వారాలు పడుతుంది. అనుభవజ్ఞులు అందుకే నీటి పంపు, ఫ్యూజులు, బెల్టు, ఫిల్టర్లు ఒక్కో జత బండిలోనే పెట్టుకుంటారు. ఇంజను కింద పని జరుగుతున్నా రాత్రి లోపల పడుకోవడానికి అనుమతిస్తారా అని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకుంటారు. జాకీల మీద లేపి ఉన్న బండిలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పడుకోకూడదు.

విదేశాల్లో. అమెరికాలో తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో నేషనల్ పార్కులకు అద్దె క్యారవాన్లలో వెళ్లడం మామూలైంది. అక్కడి క్యారవాన్ పార్కుల్లో చాలావాటిలో నీరు, కరెంటు, మురుగు మూడింటికీ కనెక్షన్లుంటాయి. పార్కు దగ్గరికే వచ్చి పనిచేసే సంచార మెకానిక్‌ల వ్యవస్థ ఉండటం పూర్తికాలిక నివాసులకు పెద్ద అండ. ఇల్లు కదలకుండానే ఇంటి పని పూర్తవుతుంది. భారతదేశంలో ఇంటికొచ్చే సేవలు ఎక్కువగా బ్యాటరీ, టైరు, పంక్చర్ వంటి చిన్న పనులకే దొరుకుతున్నాయి.

తిరిగి తీసుకునేటప్పుడు. బిల్లు చెల్లించే ముందే ఇంజను స్టార్టు చేసి, ఇన్వర్టర్, పంపు, ఫ్రిజ్, లైట్లు ఒక్కొక్కటిగా వేసి చూడాలి. ట్యాంకులో కొద్దిగా నీరు పోసి కీళ్ల దగ్గర చెమ్మ ఉందేమో తడిమి చూడాలి. మార్చిన పాత భాగాలను అడిగి తీసుకోవాలి. చక్రాలు విప్పిన పని ఏదైనా జరిగితే, మొదటి 100 కిలోమీటర్లలోపు వీల్ నట్లను మళ్లీ బిగించాలి. నార్సింగి నుంచి పరీక్షగా ఔటర్ చుట్టూ ఒక తిరుగు తిరిగితే 158 కిలోమీటర్లు కాబట్టి సగం దారిలో ఏదో ఒక ఇంటర్‌చేంజ్ వద్ద కిందికి దిగి, సర్వీసు రోడ్డు పక్కన చదునైన చోట చక్రానికి అడ్డు పెట్టి ఈ పని పూర్తి చేసుకోవాలి.